ముగ్గు బయట కాటయ్య

నేను అక్షరాలు నేర్చుకున్నది మనవరాళ్లు పుట్టాక. ఒత్తులు తప్పితే దిద్దుకొని చదవండి. ఇంత చిన్న కథకు ఇన్నాళ్లు పట్టినందుకు తిట్టుకోండి, కాదనను.

తుంగతుర్తి దగ్గరి ఊర్లో నాంచారమ్మ అరుగు మీద ఆమె మనవరాలు త్రివేణి కూర్చొని ఏడుస్తోంది. పశువుల దవాఖాన కోసం ఇల్లిల్లూ తిరిగి సర్వే చేసిన పిల్ల. ఊర్లో గొర్ల నాలుకలు నీలమెక్కుతున్నాయి. పై ఆఫీసోళ్లు సర్వే ఒప్పుకుంటేనే టీకాలొస్తాయి. సూర్యాపేట పశువుల ఆఫీసు నుంచి సునీల్ సారు ఇప్పుడే ఫోన్‌లో అరిచి పెట్టేశాడు.

"ఏమంటడే?"

"ఇండ్లు అరవై రెండు నానమ్మా. గొర్లున్నోళ్లు నలభై ఒకటి, బర్లున్నోళ్లు ముప్పై ఆరు, ఏం లేనోళ్లు తొమ్మిది. కూడితే ఎనభై ఆరాయె. శ్మశానంల గూడ సర్వే చేసినవా అంటుండు. పొద్దుగూకే లోపు సరిజెయ్యకుంటే టీకాలు కోదాడ దిక్కు పోతయట."

"నన్నేడ రాసినవ్?"

"గొర్లల్ల. బర్లల్ల గూడ."

"అంటే ఒక్క ముసల్దానికి రెండు విస్తర్లేసినవ్."

నాంచారమ్మ ముగ్గుడబ్బా తీసి వాకిట్లో రెండు పెద్ద సున్నాలు గీసింది, ఒకదాని మీదికి ఒకటి ఎక్కేటట్టు. ఎదురింటి భద్రమ్మ ముక్కు మీద వేలేసుకుంది.

"మొగడు పోయినదానివి, నీకు ముగ్గెందుకే?"

"మొగడు పోయిండు గానీ పిండి పోలే. వచ్చి నిలబడు!"

కబురందుకొని ఇంటికొకరు వచ్చారు. గొర్లే ఉంటే ఒక సున్నాలో, బర్లే ఉంటే ఇంకోదాంట్లో, రెండూ ఉంటే నడుమ, ఏదీ లేకుంటే బయట. బయట తొమ్మిది మంది తేలారు. త్రివేణి కాగితం అందుకుంది. అరవై రెండులో ఆ తొమ్మిది తీస్తే లోపల యాభై మూడిండ్లే ఉండాలి. నలభై ఒకటీ ముప్పై ఆరూ కలిపితే డెబ్భై ఏడు. ఎక్కువైనవి ఇరవై నాలుగు. నడుమ తలలు లెక్కబెడితే సరిగ్గా ఇరవై నాలుగే! పిల్ల ఎగిరి గంతేసింది.

అప్పుడే కాటయ్య పెండ్లాం నాగరాణి మందను తోలుకొచ్చింది. సున్నాల బయట, ఏం లేనోళ్లలో అమాయకంగా నిలబడ్డ కాటయ్యను చూసి గొర్లన్నీ ముగ్గు తొక్కుకుంటూ ఆయన మీద పడ్డాయి.

"కాటయ్య తాతా! ఏం లేవంటివి గదా?"

"మంద సంగతి చెప్తే దిష్టి తగులుతది బిడ్డా. పెన్ను పట్టినోళ్లకైతే అస్సలే చెప్పొద్దు."

నాంచారమ్మ ఒక పొట్టేలు మూతి తెరిచి చూపించింది. నాలుక నేరేడు పండులా ఉంది.

"దిష్టికి భయపడ్తె, రేపు దిష్టి తగలనీకి గూడ ఒక్క గొర్రె మిగలది."

కాటయ్య గొర్ల సున్నాలోకి నడిచాడు. త్రివేణి మొహం మళ్లీ మాడిపోయింది. "లెక్కంతా ఖరాబాయె నానమ్మా!"

"బయట ఒకడు తగ్గిండు, గొర్లల్ల ఒకడు పెరిగిండు. నడుమోళ్లు ఎవరన్న కదిలిండ్రానే?"

"లే."

"మరెందుకేడుస్తవ్?"

త్రివేణి సునీల్ సారుకు ఫోన్ చేసి, కాటయ్య సంగతి చెప్పి లెక్క చదివింది. ఒట్టి గొర్లు పద్దెనిమిది, ఒట్టి బర్లు పన్నెండు, రెండూ ఉన్నవి ఇరవై నాలుగు, ఏవీ లేనివి ఎనిమిది. అవతల సునీల్ సారు కూడుతూ కాసేపు గొణిగాడు. "అరవై రెండు. సరే, పొద్దున ఆరుకు బండి పంపిస్తున్న. ఆ కాటయ్యకు ఎన్ని గొర్లో గూడ రాయి."

కాటయ్య చుట్టూ చూసి పిల్ల చేతిలోని పెన్ను తీసుకున్నాడు. వంకరటింకర అంకెలు తానే వేసి కాగితం మడిచి ఇచ్చాడు.

"రాసిన. పైకి మాత్రం చదవకు."

రాసింది ఆండాలు, అరవై ఏడేండ్లు. ఇప్పుడు కోదాడలో బిడ్డ దగ్గర ఉంటున్నాను.