రెండు ప్యాకెట్ల సీసా

మారథాన్‌లో మూడోవాడిగా పరుగెడుతున్న తమ్ముడు కడుపు పట్టుకుని పెట్రోల్ బంకు మరుగుదొడ్డిలోకి దూరాడు. మొదటి ముగ్గురికే రాష్ట్ర జట్టులో చోటు. వెంటే వస్తున్న అక్క సైకిల్‌ని రోడ్డు అంచున పడేసి తలుపు దగ్గరికి పరుగెత్తింది.

"ఏమైందిరా?"

"పేగులు మెలిపెడుతున్నాయక్కా. నువ్విచ్చిన సీసా తాగినప్పటినుంచే. ఏం కలిపావు అందులో?"

అక్క తలుపుకి దగ్గరగా జరిగింది. పోయినసారి వాడు నీరసంతో కూలబడ్డాడని, ఈసారి ఒక ప్యాకెట్ గ్లూకోజు పొడికి బదులు రెండు కలిపింది. అంత చిక్కటి తీపిని పరుగెత్తే కడుపు తట్టుకోలేదని కోచ్ చెబుతూనే ఉన్నాడు. ఆ మాట ఆమె చెవికెక్కలేదు.

"రెండు ప్యాకెట్లురా," అంది.



"దానికన్నా విషం కలపాల్సింది. ఒక్కసారే తేలిపోయేది," అంటూ నవ్వబోయి మూలిగాడు.

రోడ్డు మీద బూట్ల చప్పుడైంది. నాలుగోవాడు దాటిపోయాడు.

"ఎవరక్కా అది?"

అబద్ధమాడదామంటే నోరు రాలేదు. "లేవగలవా నాన్నా?"

"కాళ్ళు బాగానే ఉన్నాయి. కడుపే లేవనివ్వట్లేదు."

గడియ తీసిన చప్పుడైంది. ఆ వెంటనే "అమ్మా" అన్న మూలుగుతో గడియ మళ్ళీ పడింది.

మలుపులో ఇంకో ఇద్దరు కనిపించారు. వాళ్ళకి అడ్డంగా సైకిల్ పెట్టాలన్నంత కోపం వచ్చింది అక్కకి. వెళ్ళి, దాన్ని పక్కకు లాగి దారి ఇచ్చింది.