ఎడమచేతి కత్తి

పంతం పిన్ని ఏడుస్తుందేమోనని టైలరు అనుకున్నాడు. కనీసం అరుస్తుందనైనా అనుకున్నాడు. ఆవిడ రెండూ చేయలేదు. నర్సరీకి వేసుకెళ్ళే ఖాకీ కోటు జేబులు తన కత్తి కోసం రెండోసారి తడిమి, లోపలి గుడ్డ బయటికి లాగి చూసి, కోటును మళ్ళీ మేకుకు తగిలించి, "ఎవరికిచ్చారు?" అని మాత్రం అడిగింది. ముప్పై ఏళ్ళ కాపురంలో టైలరు నేర్చుకున్నదేమన్నా ఉంటే అది ఇదే: భార్య గొంతు పెంచితే కంగారు పడక్కర్లేదు, తగ్గిస్తేనే జాగ్రత్త పడాలి.

దాంతో జరిగినదంతా నీళ్ళు నములుతూ చెప్పాడు. ఆ నీళ్ళలో మునిగిపోతే బాగుండునని కూడా అనుకున్నాడు.

పాత రైల్వే స్టేషను వెనక ఖాళీ జాగాలో ఆదివారం ఆదివారం పాత సామాన్ల సంత జరుగుతుంది. పలకని రేడియోలు, జత తప్పిన బూట్లు, చెవులు లేని తాళాలు, ఏది కావాలన్నా దొరుకుతుంది, పనికొచ్చేది తప్ప. అన్నిటికన్నా చివరి వరుస మడతకత్తుల వాళ్ళది. అక్కడ డబ్బు ముట్టరు. కత్తికి కత్తే. రెండూ సరితూగకపోతే తక్కువైనవాడు చిన్న కత్తేదైనా కొసరు వేస్తాడు. ప్రతివాడూ తువ్వాలు పరిచి కత్తుల్ని విప్పి పెడతాడు. పెట్టినవాడు వాటిని ముట్టుకోడు. బేరం నచ్చితే పుచ్చుకునేవాడే కత్తి మూస్తాడు. టక్కుమన్న చప్పుడు వినబడిందా, బేరం అయిపోయినట్టే. ఆ తర్వాత సొంత తమ్ముడొచ్చి కాళ్ళావేళ్ళా పడినా వెనక్కివ్వరు.

టైలరుకు ఇరవయ్యేళ్ళుగా ఆ వరుస పిచ్చి. వెల్వెట్ ముక్కలు కుట్టి పరిచిన పెట్టెలో నలభై కత్తుల దాకా పోగేశాడు. స్ప్రింగు చప్పుడు విని కత్తి వయసు చెప్పగలనని గొప్పలు పోయేవాడు. రెండేళ్ళుగా అతని కన్ను సానాయన దగ్గరున్న ఒక కత్తి మీద పడింది. సానాయన కాలితో తొక్కే సానరాయి ఒకటి బండి మీద వేసుకుని సంతలన్నీ తిరిగే మనిషి. పదునూ పెడతాడు, కత్తులూ మారుస్తాడు. ఆ కత్తికి ముత్యపుచిప్ప పిడి. బ్లేడు మీద ఒంటికాలి కొంగ బొమ్మ. పుట్టాక ఒక్కసారైనా సానరాయి మొహం చూడలేదు. ఈ ఆదివారం టైలరు మూడు మంచి కత్తులు అటు నెట్టినా సానాయన తల అడ్డంగానే ఊపాడు. కొసరు కావాలన్నాడు.

అప్పుడు టైలరు చొక్కా జేబులో భార్య అంట్లు కట్టే కత్తి ఉంది. నూనె వేద్దామని పొద్దున్నే ఆవిడ కోటులోంచి తీసి జేబులో పెట్టుకున్నాడు. ఆ మాట నిజమే, పాపం. కానీ నూనె వేయబోతూ కత్తులవాడి కంటితో చూశాడు. బ్లేడు సగానికి అరిగిపోయింది. పిడి చెక్క బీటలిచ్చింది. పదును ఒకపక్కే ఉంది, అదీ ఉండవలసిన పక్క కాదు. ఎవడో తెలివితక్కువవాడు తిరగేసి సాన పట్టాడని నవ్వుకుని కొసరు వేసేశాడు. వచ్చేటప్పుడు దారిలో హార్డ్‌వేర్ షాపు తెరిపించి, అంటుకట్టే వాళ్ళ కోసమే చేసిన కొత్త కత్తి ఎర్ర డబ్బాలో పెట్టించి తెచ్చాడు. భార్య మురిసిపోతుందనుకున్నాడు.

పంతం పిన్ని ఆ ఎర్ర డబ్బా తెరిచి చూసి మూసింది. సానాయన ఈ వారమంతా ఏ ఊళ్ళో ఉంటాడని అడిగింది. టైలరుకు తెలియదు. సరే, ఆదివారం నేనూ వస్తానంది.

నర్సరీలో ఆవిడ్ని పంతం పిన్ని అనేది ఉత్తినే కాదు. బతకదని అందరూ వదిలేసిన మొక్కకు మూడుసార్లు అంటుకట్టి మూడోసారి బతికించే రకం. అవి నారింజ చిగురు కదిలే రోజులు. మహా అయితే రెండు వారాలు ఉంటుంది ఆ అదను. ఆ తర్వాత బెరడు బిగిసిపోతుంది, ఏడాది పని గంగపాలే. ఏడువందల అంట్లు కట్టాలి. ఆవిడ సోమవారం కొత్త కత్తితో మొదలుపెట్టింది. నలభై కట్టింది. కొమ్మను ఏటవాలుగా కోస్తే కోత అద్దంలా చదునుగా రావాలి, అప్పుడే పైకొమ్మా వేరుమొక్కా సందు లేకుండా అతుక్కుంటాయి. ఆవిడ కోతలన్నీ మధ్యలో గుంట పడ్డాయి. కొత్త కత్తి కుడిచేతి వాళ్ళ కోసం చేసింది. దాని చదును పక్క ఒకవైపు, వాలు పక్క ఇంకోవైపు. ఎడమచేత్తో పడితే చెక్కలోకి దిగబడిపోతుంది.

బళ్ళో పంతులు కొట్టి కొట్టి ఆవిడ రాతను కుడిచేతికి మార్చాడు. ఇంట్లో ఊడ్చినా వండినా కుడిచెయ్యే. ఒక్క అంటుకోత మాత్రం ఎడమచేతిలోనే ఉండిపోయింది. వాళ్ళమ్మదీ ఎడమచెయ్యే, ఆమెదీ అంటుకట్టే పనే. సాన తిరగేసి పట్టించుకున్నది ఆమే. పోయేముందు కూతురి చేతిలో పెట్టింది నగా కాదు, నట్రా కాదు, ఆ కత్తే.

మంగళవారం పొద్దున ఆవిడ ఆ నలభై అంట్లూ వేరుమొక్కలతో సహా పీకి పారేసింది. వట్టి కొమ్మల మీద కుడిచేత్తో ప్రయత్నించింది, ఒక్క కోతా సరిగ్గా రాలేదు. గురువారానికి ఒళ్ళు మండిపోయి, ఇంటికొచ్చి భోజనం దగ్గర మొగుడితో ఒకే ఒక్క మాటంది.

"ఊరందరి చేతులూ కొలుస్తారు. నేను ఏ చేత్తో కోస్తానో మీకు తెలీదు."

టైలరు ముద్ద కంచంలో వదిలేశాడు. కత్తెరకు కుడీ ఎడమా ఉంటాయని తెలిసినవాడు, ఎడమచేతి శిష్యుడికి వేరే కత్తెర తెప్పించినవాడు. నర్సరీ గేటు దాటి లోపలికి ఎన్నడూ వెళ్ళలేదని అప్పుడే గుర్తొచ్చింది. సిగ్గుతో తల దించుకుని చెయ్యి కడుక్కున్నాడు.

ఆదివారం తెల్లారగానే ఇద్దరూ సంతకు వెళ్ళారు. సానాయన అప్పుడే బండి నిలబెట్టి రాయి మీద నీళ్ళు చిలకరిస్తున్నాడు. ఆవిడ పలకరింపులేమీ పెట్టుకోకుండా, పోయినవారం కొసరు వచ్చిన కత్తి ఎక్కడని నిలదీసింది. అది తన దగ్గర లేదన్నాడు. తిరగేసిన సాన సరిచేద్దామని రాయి దగ్గరికి తీశాడట. ఇంతలో బుట్టలమ్మాయి వచ్చి, ఊరికే తీసి చూసి, పేము బద్ద ఒకటి చీల్చి, మారుమాట లేకుండా తన కత్తి అక్కడ పడేసి దాన్ని మూసుకుపోయిందట. ఇంకాస్త ఆలస్యమైతే ఆ సాన రాయి మీద అరిగిపోయేదన్నమాట. పంతం పిన్ని ఆ అమ్మాయి ఎక్కడుంటుందని అడిగింది.

బుట్టలమ్మాయి సంత మొదట్లో పేము బుట్టలు పరుచుకుని కూర్చుంది. పాతికేళ్ళుంటాయి. ఎడమచేతిలో కత్తి. బద్ద మీద అది ఈ చివర్నుంచి ఆ చివరికి ఆగకుండా పోతోంది. పంతం పిన్నికి ఆ చెయ్యి చూడగానే సగం ధైర్యం జారిపోయింది. అయినా కూర్చుని, ఆ కత్తి ఎవరిదో, ఎందుకు కావాలో మొదట్నుంచి చెప్పింది. అమ్మాయి అంతా విని, కత్తిని ఒళ్ళో పెట్టుకుంది.

"పిన్నీ, పదేళ్ళ నుంచి బద్దలు చీలుస్తున్నా. నేను పనికిరానిదాన్ననే అనుకున్నా ఇన్నాళ్ళూ. తప్పు కత్తిదని మొన్నే తెలిసింది. ఎట్లా ఇచ్చెయ్యమంటావు చెప్పు?"

జాలి పడి లేచిపోదామని పిన్నికి ఒక క్షణం అనిపించింది. కానీ నర్సరీలో ఆరువందల అరవై వేరుమొక్కలు ఎదురుచూస్తున్నాయి. ఆవిడ మనసు గట్టి చేసుకుంది. ఇలాంటిదే ఇంకోటి చేయిస్తే ఇస్తావా అని అడిగింది. చేయించు చూద్దాం, ఏది నచ్చితే అది మూస్తానంది అమ్మాయి. అడిగినదాంట్లో అన్యాయమేమీ లేదు. వరుస పద్ధతీ అదే.

ముగ్గురూ సానాయన బండి దగ్గరికి వచ్చారు. పంతం పిన్ని ఎర్ర డబ్బా తీసి ముందు పెట్టింది. సానాయన చూసి పెదవి విరిచాడు. దీనికి ఒక పక్క ముందే తీసేశారు, రెండో పక్కా తీస్తే మిగిలేది రేకు ముక్కేనన్నాడు. తన తువ్వాలు మీదున్న వాటిని ఒక్కొక్కటే గోటితో మీటాడు. ఒకటి మెత్తన, ఒకటి పల్చన, ఒకటి ఇదివరకే అరిగిపోయింది. మందం ఉండాలి, ఉక్కు మంచిదవ్వాలి, ఎవరూ సాన పట్టనిదై ఉండాలి. అలాంటిది ఈ సంతలో ఒక్కటే ఉందని చెప్పి, ఆయన టైలరు వైపు చూడకుండా మర్యాదగా రాయి వైపు చూశాడు.

పంతం పిన్ని మొగుడి వైపే చూసింది.

టైలరు పెట్టె చంకలో ఇంకాస్త బిగించాడు. సాన పడితే కొంగ బొమ్మ చెరిగిపోతుందన్నాడు. రెండేళ్ళు దీనికోసం కాచుకున్నానన్నాడు. ఇంకో వారం ఆగితే పక్క ఊరి సంతలో ఏదైనా దొరక్కపోదన్నాడు. ఇవన్నీ ఎవరికి చెబుతున్నాడో అతనికే తెలియలేదు. చివరికి పెట్టె తెరిచి ముత్యపుచిప్ప కత్తి తీశాడు. ఒక్కసారి చొక్కా అంచుతో తుడిచి, విప్పి, సానాయన ముందు పెట్టాడు.

"తిరగేసి పట్టు," అన్నాడు.

సానాయన జీవితంలో అలా పట్టలేదు. చెయ్యి తిరగదన్నాడు. పంతం పిన్ని స్టూలు లాక్కుని ఆయన పక్కనే కూర్చుంది. కొంగ మొదట కాలు పోగొట్టుకుంది, తర్వాత మెడ, తర్వాత అక్కడేదో పక్షి ఉండేదన్న అనుమానం కూడా మిగల్లేదు. టైలరు అటు తిరిగి జత తప్పిన బూట్లను శ్రద్ధగా పరిశీలించాడు.

మొదటిసారి అమ్మాయి బద్ద మీద పెట్టి లాగితే సగంలో పక్కకు పోయింది. ఇది వద్దంది. సానాయన చేతులెత్తేశాడు. పంతం పిన్ని మాత్రం, చదును పక్క ఇంకా చదును కాలేదు, వెలుతురుకు పట్టి చూడండి అని మళ్ళీ రాయి మీద పెట్టించింది. రెండోసారి ముప్పాతిక దాకా పోయింది. అమ్మాయి తల ఊపలేదు. ఎండ నడినెత్తికొచ్చింది. సానాయన ఆకలేస్తోందని గొణిగితే, అయ్యాక తిందాం అన్నయ్యా, నేనూ తినలేదు అంది ఆవిడ. అన్నయ్య అన్నాక ఆయన లేవలేకపోయాడు. మూడోసారి రాయి మీద ఒత్తవద్దని, తన చెయ్యి ఆయన చేతి మీద వేసి, వాలు ఎంత ఉండాలో ఆవిడే పట్టి చూపించింది.

అమ్మాయి అన్నిటికన్నా పొడుగు బద్ద తీసింది. కత్తి పెట్టి లాగింది. బద్ద ఈ కొన నుంచి ఆ కొనకు రెండయింది. అమ్మాయి పాత కత్తితో ఇంకోటి చీల్చింది. రెండు కత్తులూ విప్పి తువ్వాలు మీద పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. పాతదే బాగుందంటే ఇక పంతం పిన్ని చేయగలిగిందేమీ లేదు.

"నీదే ఒక పిసరు ఎక్కువ తెగుతోంది పిన్నీ," అంది అమ్మాయి. "కానీ ఇది నా చేతిలో అరగడం మొదలవుతుంది. నీది నీ చేతిలోనే అరిగింది."

ముత్యపుచిప్ప కత్తిని తీసుకుని మూసింది. టక్కుమంది. పంతం పిన్ని తన కత్తి తీసుకుని తనూ మూసింది.

ఇంటికి కాదు, నేరుగా నర్సరీకే వెళ్ళారు. టైలరు గేటు దగ్గర ఆగలేదు, వెనకాలే లోపలికి వచ్చాడు. ఆవిడ పీట మీద కూర్చుని కుడిచేత్తో కొమ్మ పట్టుకుని ఎడమచేత్తో ఒకే ఒక్క లాగు లాగింది. కోత చదునుగా మెరిసింది. దాన్ని వేరుమొక్క కోతకు ఆనిస్తే మధ్యన వెలుతురు కనబడలేదు. అంటుకు చుట్టే టేపు తెంపి ఇవ్వడానికి టైలరు పక్కన కూర్చున్నాడు. పది అంట్లు అయ్యాక, ఆవిడ కొమ్మ పట్టుకున్న కుడిచేతి బొటనవేలి మీద అతని చూపు పడింది. గోరు దగ్గర్నుంచి కణుపు దాకా సన్నటి తెల్లగీతలు, లెక్కపెట్టలేనన్ని. కత్తి జారినప్పుడల్లా ఒకటి.

"ఇన్నేళ్ళూ అవి నారింజ ముళ్ళు గీసుకున్నవనుకున్నానే," అన్నాడు.

"అడిగితే చెప్పేదాన్ని," అని, ఆవిడ టేపు కోసం చెయ్యి చాపింది.