పదో గొంతు

"వైరు చిక్కుపడకుండా చుట్టడం నీకొచ్చినట్టు ఇంకెవరికీ రాదోయ్," అంటాడు మా ఆయన, నలుగురూ ఉన్నప్పుడు. ఆ మెప్పు కోసమే కాబోలు, ఆరేళ్ళు చుట్టాను. ఆదివారం వస్తే చాలు, బ్యాటరీ, హామ్ రేడియో పెట్టె, మడత స్తంభం, ఇరవై మీటర్ల తీగ, ఫ్లాస్కు, ఆయన నడుముకి దిండు, అన్నీ సర్ది ఏదో ఒక పార్కుకి మోసేదాన్ని. ఏరియల్ తీగ ఎత్తుగా కట్టడానికి చెట్టుకొమ్మ మీదికి తాడు విసిరేది నేను. మైకు పట్టుకునేది ఆయన. అవతలి గొంతు వినపడగానే వాళ్ళకి లైసెన్సుతో ఇచ్చిన అక్షరాల పేరు, అదే కాల్ సైన్, టైము, ఎంత స్పష్టంగా వినిపించిందో చెప్పే అంకెలు లాగ్ పుస్తకంలో రాసేది మళ్ళీ నేనే. ఒక రోజులో ఒకే పార్కు నుంచి పదిమందితో మాట్లాడితే ఆ పార్కు మన ఖాతాలో పడ్డట్టు. మా హాల్లో గోడ మీద పద్నాలుగు సర్టిఫికెట్లు వేలాడుతున్నాయి. పద్నాలుగింటి మీదా ఆయన కాల్ సైనే.

నాకూ ఒక కాల్ సైన్ ఉంది. రెండేళ్ళ కిందట, ఆసుపత్రి స్విచ్‌బోర్డు దగ్గర కూర్చుని వాళ్ళ ఫోను వీళ్ళకీ వీళ్ళ ఫోను వాళ్ళకీ కలుపుతూనే మధ్యమధ్యలో చదువుకుని రేడియో లైసెన్సు పరీక్ష రాశాను. పాసయ్యాను. లైసెన్సు మీది కాల్ సైన్ చూసి మా ఆయన, "చివరి మూడక్షరాలకీ నోరు తిరగదు, మంచిదే ఇచ్చారు నీకు," అని నవ్వాడు. "సరదాకి దాచుకో." దాచుకున్నాను, బీరువాలో దుప్పట్ల కింద. ఎందుకు దాచుకున్నానని ఇప్పుడు నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఈ ఆదివారం ఆయనకి మోకాలి నొప్పి. నేనే బ్యాగు భుజాన వేసుకుంటే సోఫాలోంచి తలెత్తి చూశాడు.

"ఎక్కడికి?"

"పార్కుకి."

"నేను రావట్లేదుగా. ఎవరికి లాగ్ రాయడానికి?"

అది వెటకారం కాదు. నిజంగానే అర్థం కాలేదు ఆయనకి. లోపలినుంచి అత్తయ్యగారు, "సాయంత్రం వియ్యంకులొస్తారని మర్చిపోయావా? ఆడపిల్లనిచ్చిన చోటు, మర్యాద తగ్గకూడదు," అన్నారు, మా ఆడపడుచు అత్తమామల గురించి. మర్చిపోలేదండీ, కూరలు రెండూ చేసి మూతలు పెట్టే వెళ్తున్నాను, ఆరింటికి పార్కు మూసేస్తారు, ఆరున్నరకి ఇంట్లో ఉంటాను అన్నాను. ఇన్ని లెక్కలు అప్పజెబితే గానీ గడప దాటలేని నేనా, గాలిలో ఎక్కడివాళ్ళతోనో మాట్లాడబోయేది?

తీగ కట్టేసరికి నాలుగు దాటింది. ఏ ఫ్రీక్వెన్సీ మీద ఉన్నానో పార్కుల నుంచి మాట్లాడేవాళ్ళందరూ చూసే ఇంటర్నెట్ పేజీలో పెట్టి మైకు నొక్కాను. పిలిచాను, ఒకరు పలికారు, ఇంకొకరు, మూడో ఆయన. చేయి తిరిగిన మనిషిలాగే రాసుకుపోతున్నాను. మూడో ఆయన, గొంతుని బట్టి పెద్దాయన, "సార్ ఊళ్ళో లేరామ్మా? మీరు మాట్లాడుతున్నారు?" అన్నాడు. పెన్ను ఆగిపోయింది. నేను పిలిచింది మా ఆయన కాల్ సైన్‌తో! ఆరేళ్ళు చెవుల్లో నానిన మాట కదా, నాలుక అదే పట్టుకుంది. నా అంతట నేను బయటికొచ్చి కూర్చున్న మొదటి రోజున కూడా నేను ఆయననే పిలిచాను. ఏడుపొచ్చింది. తర్వాత కోపమొచ్చింది, అది నయం. ఆ మూడు వరుసలూ అడ్డంగా కొట్టేశాను. "లేదండీ, పొరపాటు నాదే. ఇది నా స్టేషన్," అని నా కాల్ సైన్ అక్షరం అక్షరం విడదీసి చెప్పాను. పెద్దాయన దాన్ని అంతే జాగ్రత్తగా తిరిగి చెప్పి, "మొదటిసారి వింటున్నాను తల్లీ, బాగుంది," అన్నాడు. ఒకటి.

ఆ తర్వాత ఒక్కొక్కళ్ళే. ఓడలో వంటమనిషి ఒకతను, కంటిడాక్టరు ఒకావిడ. ఎనిమిదిమంది అయ్యేసరికి టైము అయిదూ ఇరవై. తొమ్మిదో మనిషి అయ్యేసరికి అయిదున్నర. ఆ తర్వాత ఒక్కరూ లేరు. పిలుస్తున్నాను, హోరు తప్ప ఏమీ లేదు. ఒళ్ళో ఫోను వణుకుతూనే ఉంది. ఇంటి నుంచి ఏడోసారి. బ్యాటరీ గీత ఎర్రబడింది. వాచ్‌మన్ తాళాల గుత్తి ఊపుకుంటూ వచ్చి, "అమ్మా, పావుగంటలో గేటేస్తా, మీ తీగలవీ తీసేయండి," అని వెళ్ళాడు. తొమ్మిదితో ఆగితే ఏమీ లేనట్టే. రేపు ఇంకో ఆదివారం దొరుకుతుందన్న ఆశ నాకు లేదు. ఈ ఒక్కదానికే ఇంత రభస అయితే రెండోదాన్ని ఎవరు రానిస్తారు? మళ్ళీ పిలిచాను.

"ఇదిగో! వినపడుతోందా? ఫోనెత్తవేం?"

మా ఆయన. ఇంట్లో రేడియో పెట్టి, నేను పెట్టిన పేజీలోనే చూసి వెతుక్కుంటూ వచ్చాడు. పెళ్ళయిన పదిహేనేళ్ళలో ఆయన నన్ను పేరు పెట్టి పిలిచింది లేదు. ఇదిగో, ఏమోయ్, విన్నావా. నేను పలుకుతూనే ఉన్నాను. ఇప్పుడూ "ఆఁ, వస్తున్నానండీ" నోటిదాకా వచ్చేసింది. మింగేశాను.

"పిలుస్తున్న స్టేషన్, మీ కాల్ సైన్ చెప్పండి."

హోరు. పెద్దాయన ఇంకా వింటూనే ఉన్నాడేమో, ఎవరో సన్నగా దగ్గారు. నలుగురిలో పరువంటే మా ఆయనకి ప్రాణం. గబగబా తన కాల్ సైన్ చెప్పాడు.

"నాది కూడా చెప్పాలి. లేకపోతే లాగ్‌లోకి ఎక్కదు. ఈ రూలు మీరే నేర్పారు."

ఎర్రగీత సన్నబడుతోంది. తర్వాత ఒక్కో అక్షరం, పంటికింద రాయి పడ్డట్టు, వచ్చింది. చివరి మూడింటి దగ్గర నిజంగానే నోరు తిరగలేదు. మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ చెప్పాడు. ఈసారి సరిగ్గా వచ్చింది. స్పష్టంగా వినపడుతోందని అంకెలు కూడా ఇచ్చాడు. నేనూ ఇచ్చాను. పదో వరుసలో ఆయన కాల్ సైన్ నా చేతిరాతలోనే పడింది, కానీ పుస్తకం పైన ఉన్నది నాది.

"అయిందిగా సరదా? ఇంక రా. వాళ్ళొచ్చి అరగంటయింది. అమ్మకి చేతకాదు, వడ్డించాలి. టీ అయినా పెట్టలేదు ఎవరూ."

దూరంగా గేటు రెక్క ఒకటి మూసిన చప్పుడు. రెండోది ఇంకా తెరిచే ఉంది. మైకు నొక్కాను.

"ఇంటి సంగతులు గాలిలో మాట్లాడకూడదండీ. ఆరయ్యేదాకా ఇక్కడే ఉంటాను, వచ్చే ఆదివారం కూడా. ఇది మీ లాగ్‌లో రాసుకోవాలిగా, పెన్ను టీవీ పక్కనుంది, మీరే రాసుకోండి."