అంచు మూయని బొంత

ఆ వీధిలో పిల్లల బట్టలు పొట్టివైతే దర్జీ దగ్గరికే తెచ్చేవాళ్ళు. ఆమె అడుగు మడత విప్పి, ఇస్త్రీ చేసి, బెత్తెడు పొడుగు పెంచి ఇచ్చేది. సొంత కూతురు బుడంకాయ గౌనుకి మాత్రం ఆ అవసరం రావడం లేదు. నాన్న పోయిన దగ్గర్నుంచీ ఆ పిల్ల వెంట్రుకవాసి కూడా ఎదగలేదు.

కారణం అందరికీ తెలిసిందే. ఆ ఇంట్లో బొంత సాగితేనే పిల్ల సాగుతుంది. పుట్టినప్పుడు పొత్తిగుడ్డంత మొదలుపెట్టి, ఒక అంచు మూయకుండా వదిలేస్తారు. ఇంట్లోవాళ్ళు వాడి వదిలేసిన బట్టలతో అక్కడ వరసలు కలుపుకుంటూ పోతారు. బుడంకాయకి సూది పట్టడం వచ్చాక తల్లీకూతుళ్ళు చెరోవైపు కూర్చుని కుట్టేవాళ్ళు. ఎవరి కుట్టు సన్నగా ఉందో తేల్చమంటే నాన్న కళ్ళజోడు లేకుండానే వచ్చి, ఒక్క చూపు చూసి, కూతురిదే అనేవాడు. మర్నాడు పిల్లని గుమ్మానికి ఆనించి నెత్తి దగ్గర పెన్సిల్ గీత పెట్టేవాడు.

ఇప్పుడు బడిలో తోటిపిల్లలంతా పొడుగై వెనక బల్లలకి వెళ్ళిపోయారు, బుడంకాయ ముందు బల్లలోనే ఉంది. బొంత ఎందుకు ఆపారని పంతులమ్మ అడిగింది. కింది వాటా పిన్ని జాలిపడి తన పాత దుప్పటి ఇచ్చింది. పరాయి గుడ్డ కదా, బొంతకి కలిపి కుట్టినా తెల్లారేసరికి ఊడి కింద పడింది. దర్జీ పాత బట్టలన్నీ ఎప్పుడో అయిపోయాయి. మిగిలినవి బీరువాలో ఆయన చొక్కాలు.

దర్జీకి ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. ఏం తిన్నా మట్టి తిన్నట్టుండేది, అంతే. చొక్కాల సంగతి ఎత్తితే రేపు చూద్దామనేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం బుడంకాయ నాన్న నీలం చొక్కా తెచ్చి తల్లి ఒళ్ళో పెట్టింది. పక్కనే కత్తెర పెట్టింది.

"రేపు చూద్దాంలే," అంది దర్జీ.

"నన్ను నాన్న చూసినంత మటుకే ఉంచుతావా అమ్మా?"

దర్జీ గుమ్మం వైపు చూసింది. చివరి గీత ఇప్పటికీ పిల్ల నెత్తికి సరిగ్గా సరిపోతుంది. ఎదిగితే ఆయన ఎరగని మనిషైపోతుందని ఆమె భయం. ఆ భయం ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

"నువ్వు పొడుగైతే నాన్న గుర్తుపట్టడే," అంది. గొంతులో తడి లేదు.

"కుట్టు చూసి గుర్తుపడతాడులే. కళ్ళజోడు లేకపోయినా నాది నాదేనని చెప్పేవాడుగా."

అదంతా ఆయన పిల్లని మురిపించడానికే అనేవాడని దర్జీకి తెలుసు. ఆ మాట అనలేదు. కత్తెర తీసుకుని చొక్కా ఎడమ చెయ్యి కత్తిరించింది. ఇద్దరూ చెరోవైపు కూర్చుని వెలుతురున్నంతసేపూ కుట్టారు. పిల్ల కుట్టు నిజంగానే సన్నబడిందని ఆమె అప్పుడు గమనించింది.

ఆగిన ఎదుగుదలంతా ఒక్కసారే వచ్చింది.

"అమ్మా, పాదాలకి చలేస్తోంది," అంది బుడంకాయ పొద్దున్నే.

కొత్త వరస కలిసినా బొంత చాల్లేదు. రెండు పాదాలూ బయటికొచ్చేశాయి. దర్జీ వాటిని చేతుల్లోకి తీసుకుంది. చల్లగా తగిలాయి. అప్పుడొచ్చింది ఏడుపు. ఏడుస్తూనే లేచి, రెండో చొక్కా కోసం బీరువా తెరిచింది.