నూకరాజు అమ్మలేకపోయిన బండి

నేను ఒక ఇంటిబండిని. కారవాన్ అంటే మీకు తొందరగా తెలుస్తుందేమో. మంచం, పొయ్యి, స్నానాలగది, అన్నీ చక్రాల మీదే. కోయంబత్తూరు దగ్గర ఒక షెడ్డులో మినీ బస్సు ఛాసిస్ మీద నన్ను కట్టారు. కట్టించుకున్నది అమలాపురం వైపు రొయ్యల చెరువుల ఆసామి చిట్టిబాబు గారు. భార్య రత్నమాంబ గారికి దేశమంతా చూపించాలని ఆయన ముచ్చట.

తొలి ప్రయాణంలో తుని దాటకముందే ఆవిడ నా పొయ్యి ముందు నిలబడి, "ఇంట్లో వండింది చాలక రోడ్డు మీద కూడా నా చేతే వండిస్తారా? ఊళ్లు చూడ్డం మీకూ, ఉప్మా కలపడం నాకూనా?" అని అడిగారు. చిట్టిబాబు గారు అక్కడే బండి వెనక్కి తిప్పారు. అలా నేను అమ్మకానికి వచ్చాను.

కాకినాడ బైపాసు పక్కన పాత బళ్ల బ్రోకరు నూకరాజు నన్ను తన యార్డులో నిలబెట్టాడు. అతను అబద్ధాలాడడు, నిజానికి కాస్త నూనె రాసి చూపిస్తాడు, అంతే. "ఆయ్, ఇది బండి కాదండి, రథం! డాక్టరు గారు వాడిన బండండి!" అనేవాడు. చిట్టిబాబు గారు రొయ్యలకు మందులు వేస్తారు గనుక, ఆ మాట పూర్తిగా తప్పు కాదని అతని ఉద్దేశం.

ఇంతలో నూకరాజు అద్దెకుంటున్న ఇంటివాళ్లు కొడుకు పెళ్లని వాటా ఖాళీ చేయమన్నారు. వేరే వాటా దొరికే దాకా సర్దుకుందామని అతను భార్య తాయారుని నాలోకి తీసుకొచ్చాడు. పెళ్లయిన నాటినుంచి ఆ ఇల్లాలు ఎన్ని వాటాలు మారిందో! మేకు కొట్టకూడదు, చుట్టాలు రాకూడదు, పోపు ఘాటు పైకి రాకూడదు. నాలో అడుగుపెట్టిన రోజునే తాయారు గోడకి మేకు కొట్టింది. నాకు నొప్పేసింది గానీ ఆమె ముఖం చూసి ఓర్చుకున్నాను. మెట్టు పక్కన కరివేపాకు మొక్క కుండీ వెలిసింది. నూకరాజు వాటాలు వెతుకుతూనే ఉన్నాడు, తాయారు ప్రతిదానికీ వంక పెడుతూనే ఉంది.

బిర్యానీ పాయింటు పెట్టుకుంటానని ఒకాయన నన్ను చూడటానికి వచ్చాడు. నూకరాజు పొగడ్త రథం దాకా వచ్చేసరికి లోపలినుంచి తాయారు, "వానొస్తే వెనక మూల కారుద్దండి, గిన్నె పెట్టుకోవాలి," అంది. ఆయన వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

"నా పొట్ట కొడతావేంటే?" అన్నాడు నూకరాజు పళ్ల బిగువున.

"నేనేమన్నా అబద్ధం చెప్పానా? కారట్లేదా మరి?"

ఆ తర్వాత వచ్చినవాళ్లంతా నా రోగాలన్నీ తాయారు నోట విని పారిపోయారు.

చివరికి సుభాషిణి గారని, రిటైరైన హెడ్మిస్ట్రెస్ వచ్చారు. ఒంటరిగా దేశం చూడాలని ఆవిడ కోరిక. తాయారు కాఫీ ఇచ్చి అలవాటు ప్రకారం మొదలెట్టింది. కారే మూల, మొండికేసే పొయ్యి, బ్రేకు వేస్తే తెరుచుకునే అలమరా. ఆవిడ శ్రద్ధగా విని, "ఇప్పటిదాకా చూసిన బళ్లన్నీ దేవలోకం నుంచి దిగాయన్నారమ్మా. ఉన్నదున్నట్టు చెప్పింది నువ్వొక్కదానివే. ఇదే తీసుకుంటాను," అన్నారు.

తాయారు కరివేపాకు కుండీని రెండు చేతులా ఎత్తి బండికి దూరంగా పెట్టింది. ఆరేసిన చీరలు తీసి మడత పెట్టసాగింది. నూకరాజు ఆ మడతల వంక కాసేపు చూశాడు.

"మేడమ్ గారూ, ఒక్క మాటండి," అన్నాడు గొంతు సవరించుకుని. "ఇంజన్ పోయిందండి దీనికి. బోరు రిపేరు చేయించినా బాగుపడదండి."

నా ఇంజన్! కోయంబత్తూరు నుంచి వచ్చాక తుని దాకా కూడా తిరగని ఇంజన్! సొంత బ్రోకరే నా పరువు తీస్తుంటే విన్నాను. కొనేవాడి ముందు బండిని తగ్గించి మాట్లాడటం నూకరాజుకి పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. ఆ అబద్ధం కూడా సరిగ్గా ఆడలేకపోయాడు, చెవులు ఎర్రబడ్డాయి. సుభాషిణి గారు కుండీని చూశారు, చీరలను చూశారు. "ఇంజన్ సంగతి నాకర్థమైందిలే నాయనా," అని కాఫీ పూర్తిచేసి వెళ్లారు.

అప్పుడు నూకరాజు చిట్టిబాబు గారికి ఫోన్ చేసి, నన్ను తానే కొంటానన్నాడు. "మీరు చెప్పిన రేటు చెయ్యదండి, పైన కారుద్దండి..."

"మొన్నటిదాకా రథమన్నావు కదయ్యా! డాక్టరు గారి బండిని తక్కువకెలా ఇస్తాను?" అన్నారాయన.

తాయారు ఫోన్ అందుకుంది. ఇల్లు కట్టుకుందామని ఎప్పుడో కొన్న స్థలం ఉంది, బండికి బదులు అది తీసుకోమంది. "కాకపోతే ఏడాది పొడవునా నీళ్లు నిలుస్తాయండి," అని అలవాటు ప్రకారం నిజం కూడా చెప్పేసింది. నూకరాజు తల పట్టుకున్నాడు.

"నీళ్లా?" అటునుంచి రొయ్యల చెరువుల ఆసామి గొంతు ఉత్సాహంగా లేచింది. "లోతెంతుంటుందమ్మా?"

బేరం కుదిరింది.

యార్డు మూసి, ఇద్దరూ నన్ను ఉప్పాడ వైపు సముద్రం ఒడ్డుకు తీసుకెళ్లారు. తెల్లవారగానే తాయారు పొయ్యి వెలిగించి, కిటికీ తెరిచి, సరివి చెట్ల వంక చూసింది. తర్వాత తల బయటపెట్టి పళ్లు తోముకుంటున్న భర్తను కేకేసింది.

"ఏవండీ, ఇంటిని కాస్త తూర్పుకి తిప్పండి. వంట చేస్తూ సముద్రం చూడాలి."

నూకరాజు నోరు కడుక్కుని, తాళం తిప్పి, ఇంటిని తూర్పుకి తిప్పాడు.