మొదటి బొమ్మ

మా అమ్మాయి ఫొటోగ్రాఫర్ ఎందుకయిందని ఎవరైనా అడిగితే నేను మనిషికో రకంగా చెబుతుంటాను. పుట్టగానే ఏడవకుండా, ఒక కన్ను మూసి మంత్రసాని ముఖాన్ని కొలిచి చూసిందని ఒకరికి చెప్పాను. మా స్టూడియో పాత కెమెరా ఎంత పెద్దదంటే, దాని నల్లగుడ్డలోకి దూరిన నేను దారి తప్పి రెండు రోజులకు గానీ బయటపడలేదని, ఆ రెండు రోజులూ నా బదులు పాకే పిల్లే ఫొటోలు తీసిందని ఇంకొకరికి చెప్పాను. విన్నవాళ్ళు నవ్వుతారు. నవ్వినవాళ్ళు మళ్ళీ అడగరు. నాక్కావలసిందీ అదే.

అసలు సంగతి చాలా చిన్నది. వాళ్ళమ్మ ఫొటో ఒక్కటీ లేదు.

నేను ఇరవై రెండేళ్ళు స్టూడియో చీకటిగదిలో పనిచేశాను. ఫిల్ము కడగడం, కత్తిరించడం, కాగితం మీదికి ఎక్కించడం నా పని. మా ఆవిడ అక్కడే ముందుగదిలో కూర్చుని, సన్నటి కుంచెతో ఫొటోల మీది తెల్లచుక్కలు పూడ్చేది. మా పెళ్ళి ఫొటో యజమానే తీశాడు. ఆ సంబరంలో నేను రెండు తొట్లలోని మందులూ తారుమారు చేశాను. ఫిల్ము గాజుపలకలా ఖాళీగా బయటికొచ్చింది.

"సొంత పెళ్ళిలోంచే ఇద్దరం లేచిపోయినట్టున్నాం" అని ఆవిడ నన్ను నెలరోజులు ఏడిపించింది.

"పోనీలేరా, రేపు ఇంకోటి తీద్దాం" అన్నాడు యజమాని.

తొందరేముంది? ఆవిడ రోజూ కెమెరా ముందే ఉండేది. మా స్టూడియో పద్ధతి అది. ఏ కుటుంబం వచ్చినా, వాళ్ళు తలలు దువ్వుకుంటూ, పిల్లల ముక్కులు తుడుస్తూ ఉండగా, మా ఆవిడ వెళ్ళి కుర్చీలో కూర్చునేది. యజమాని ఆవిడ ముఖం మీద దీపాలు సరిచూసుకుని ఒకటి నొక్కేవాడు. రీలులో మొదటి బొమ్మ ఆవిడది. దాన్నిబట్టే నేను కాగితానికి ఎన్ని సెకన్ల వెలుతురు పట్టాలో తేల్చుకునేవాణ్ణి. తేలాక ఆ బొమ్మను కత్తిరించి బుట్టలో పడేసేవాణ్ణి. ఒకరి కవర్లో ఇంకొకరి ముఖం ఉండకూడదని యజమాని ఆన. అలా ఆరేళ్ళు. ఏ మహారాణికీ తీయనన్ని ఫొటోలు మా ఆవిడకు తీశాం. అన్నీ నా చేత్తోనే బుట్టలో వేశాను.

పిల్లకు మూడేళ్ళప్పుడు ఆవిడ పోయింది. నాలుగు రోజుల జ్వరం. అయిదో రోజు స్టూడియోకు ఒక కుటుంబం వస్తే, దీపాలు చూసుకోవడానికి ఊడ్చే మనిషిని కూర్చోబెట్టారు.

ఊహ తెలిశాక పిల్ల అడగడం మొదలుపెట్టింది. "నాన్నా, అమ్మ ఎలా ఉండేది?"

ఉన్నదున్నట్టు చెబితే ఆ పిల్ల ఏడుస్తుందని, అంతకంటే నేను ఏడుస్తానని భయం. అందుకని కోతలు కోశాను. మీ అమ్మ జడ ఎంత పొడుగంటే, ఆవిడ వంటింట్లో ఉంటే జడ కొస వీధిగుమ్మంలో ఉండేదన్నాను. బుగ్గ సొట్టలో పిచ్చుక గుడ్డు పెట్టిందన్నాను. పిల్ల పడీపడీ నవ్వేది. పదేళ్ళప్పుడు ఒక నోటుపుస్తకం పట్టుకొచ్చి నా ముందు కూర్చుంది.

"నాన్నా, అమ్మకు పుట్టుమచ్చ కుడిబుగ్గ మీద అన్నావు. తర్వాత ఎడమ అన్నావు. మొన్న గడ్డం మీద అన్నావు. ఏది?"

"దానికి కాలు నిలిచేది కాదమ్మడూ. వేసవిలో ఒకచోట, చలికాలంలో ఒకచోట!"

ఆ రోజు నవ్వలేదు. నోటుపుస్తకం మూసి లోపలికి వెళ్ళింది. నేను అప్పుడైనా నోరు అదుపులో పెట్టుకోవలసింది.

పెద్దయ్యాక నిక్షేపంలాంటి ఉద్యోగం మానేసి కెమెరా భుజాన వేసుకుంది. కుటుంబాలకు ఫొటోలు తీస్తుంది. కుట్టుపనివాళ్ళు, రొట్టెలు కాల్చేవాళ్ళు, చిన్నచిన్న దుకాణాలు పెట్టుకున్నవాళ్ళు తమ వ్యాపారం నలుగురికీ తెలియడానికి వేసుకునే బ్రాండింగ్ ఫొటోలు కూడా తీస్తుంది.

"ఈ రెండూ ఎందుకే? పెళ్ళిళ్ళు తీస్తే పేరొస్తుంది కదా" అన్నాను.

"ఇంట్లో అందరికీ తల దువ్వే మనిషి ఫొటోలో ఉండదు నాన్నా. కొట్లో బోర్డు ఉంటుంది, పనిచేసే చెయ్యి ఉండదు. అమ్మ రెండు చోట్లా లేదు. ఇంకొకళ్ళింట్లో అలా కాకూడదని."

అంతకంటే పెద్ద కారణం ఆ పిల్లకు లేదు. వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ "ఇంకెవరైనా లోపల ఉన్నారా?" అని అడిగిగానీ కెమెరా పైకెత్తదు.

రెండేళ్ళ కిందట యజమాని కొడుకు ఫోను చేశాడు. "బాబాయ్, స్టూడియో ఖాళీ చేస్తున్నాం. అటక మీద నాన్నగారి కాలం నెగటివులన్నీ ఉన్నాయి. అక్కను తీసుకుని రండి, కావలసినవి చూసుకోండి."

అమ్మాయి ఆ వారం ఒప్పుకున్న పనులన్నీ వాయిదా వేసింది. దారిలో ఒకటే మాట. "ఒక్కటైనా ఉంటుంది నాన్నా. అన్ని వేలల్లో ఒక్కసారైనా కత్తిరించడం మర్చిపోయి ఉంటావు."

"ఉంటుందే. నా అంత బద్ధకస్తుణ్ణి ఎక్కడైనా చూశావా? మా పంతులు నన్ను చూసే బద్ధకం అనే మాట రాయడం నేర్పేవాడు."

రెండు వేల పైచిలుకు కవర్లు. కిటికీ దగ్గర బల్ల వేసుకుని, ఒక్కో ఫిల్మును వెలుతురుకు ఎత్తి చూశాం. ఎవరెవరో తాతలు, ఎవరెవరో కవలలు. ప్రతి ముక్కా రెండో బొమ్మతోనే మొదలవుతోంది. అంచు గీత గీసినట్టుంది. మొదటి రోజు సాయంత్రానికి అమ్మాయి మాటలు తగ్గాయి. రెండో రోజు మధ్యాహ్నానికి ఆగిపోయాయి.

యజమాని కొడుకు పాపం మంచివాడు, ఏదో ఒకటి అనాలని అన్నాడు. "బాబాయ్, మీ కత్తిరింపు భలే ఉందండీ. ఒక్కటీ వంకర పోలేదు."

నా బతుకులో నన్ను పనిమంతుడన్నది అతనొక్కడే. అది ఆ రోజే వినవలసి వచ్చింది.

ఆఖరి పెట్టెలో ఒకటి దొరికింది. కత్తెర కొంచెం పక్కకు జరిగి, మొదటి బొమ్మలోంచి వేలెడు వెడల్పు ముక్క మిగిలిపోయింది. అమ్మాయి దాన్ని కిందనుంచి వెలుతురు వచ్చే దీపంపెట్టె మీద పెట్టి, కెమెరాతో తీసి, స్టూడియో కంప్యూటర్లో తెలుపును నలుపు, నలుపును తెలుపు చేసింది. కుర్చీ చెయ్యి, దాని మీద మోచెయ్యి, పైన సగం చెవి, చెవికి చిన్న కమ్మ.

"అమ్మదేనా?"

"మీ అమ్మది కాక! ఆ కమ్మ నేను కొన్నదే. దాని కోసం మూడు ఊళ్ళు నడిచి, ఏరు ఈది, కంసాలి నిద్రపోతుంటే వాడి మీసం పట్టుకుని లేపి..."

"నాన్నా." నా వైపు తిరిగింది. నలభై దగ్గర పడుతున్న మనిషి, పదేళ్ళ పిల్లలా చూసింది. "ఈ ఒక్కసారికి కథ వద్దు. ఆ కుర్చీలో ఊడ్చే ఆవిడ కూడా కూర్చునేది కదా. ఈ చెవి అమ్మదా?"

కళ్ళజోడు తుడుచుకుని దగ్గరికి వంగి చూశాను. చెవి. ఎవరికైనా ఉండే చెవి. మా ఆవిడ ముఖాన్ని తలుచుకుని దాని పక్కన పెట్టి చూద్దామనుకున్నాను. నాకు కనబడింది తడి ఫిల్ము మీద నేను రోజూ చూసిన ముఖం. నల్లటి బుగ్గలు, తెల్లటి జుట్టు, నల్లటి పళ్ళు. దాన్ని తిరగేసి మనిషిని చేద్దామంటే పిచ్చుక, సొట్ట, ఊరేగే పుట్టుమచ్చ, నేను కోసిన కోతలన్నీ వచ్చి అడ్డం నిలబడ్డాయి. వాటి వెనక ఎవరూ లేరు.

"తెలియదమ్మడూ" అన్నాను.

"గుర్తు లేదా? అసలు ముఖమే గుర్తు లేదా?"

తల అడ్డంగా ఊపాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"అక్కా, దీన్ని పెన్‌డ్రైవ్‌లో వేసివ్వనా?" అన్నాడు యజమాని కొడుకు.

"వద్దులే తమ్ముడూ. ఎవరిదో తెలియని చెవి నేనేం చేసుకోను?" ఆ ఫిల్ముముక్కను వచ్చిన కవర్లోనే పెట్టి, పెట్టెలో వరస తప్పకుండా దోపింది. కెమెరా సంచీలో సర్దుకుంది. చేతులకంటిన దుమ్ము కడుక్కోవడానికి వెళ్ళి చాలాసేపు రాలేదు. లోపల నీళ్ళ చప్పుడు మాత్రం వినబడుతూ ఉంది.

మెట్లు దిగేటప్పుడు నా మోచెయ్యి పట్టుకుంది, జాగ్రత్తగా, దారిలో ఏ ముసలాయన్నయినా పట్టుకున్నట్టు. ఇప్పటికీ వేళకు అన్నం పెడుతుంది, మందులు తెస్తుంది, నా హాస్యాలకు నవ్వుతుంది కూడా. వాళ్ళమ్మ గురించి మాత్రం నన్ను ఇంకేమీ అడగలేదు.