ఐదు తెల్ల కోట్లు

శనివారం సాయంత్రం ల్యాబ్‌లోని ఐదు తెల్ల కోట్లూ ఆమె సంచిలో ఇంటికి రావడం ఆనవాయితీ. వాటిలో ఆమెది ఒక్కటే. "నీది ఎలాగూ ఉతుక్కుంటావు కదమ్మా, మావాటికీ ఓ చెయ్యి వెయ్యి," అన్నారు సారు, ఆమె చేరిన కొత్తలో. ఆ ఓ చెయ్యి వెయ్యడానికి మిగతా నలుగురికీ చేతులు లేవు. ల్యాబ్‌లో క్షారం, ఇంట్లో కారం. రెండుచోట్లా కళ్లు మండేది ఆమెకే.

"శవాన్నేమైనా మోసుకొచ్చావా, ఏమిటే ఆ కంపు?" అనేది అత్తగారు.

"ఊళ్లో మగాళ్ల బట్టలుతకడం కూడా ఒక ఉద్యోగమేనా? మానెయ్," అనేవాడు భర్త, తన చొక్కాని ఆ కుప్ప మీదికే విసురుతూ.

మొన్న శనివారం వంటకి వేళయిపోతోందన్న తొందరలో ఆమె సంచిని కుర్చీలో పడేసింది. సంచి కింద కూతురి పసుపు గౌను ఉంది. ఎవరిదో కోటు చేతి అంచు తడి సంచిలోంచి దానిలోకి దిగింది. ఆమ్లం. నీళ్లలా అది ఆరిపోదు. తనలోని నీరు ఆరేకొద్దీ చిక్కబడుతుంది.

మర్నాడు పొద్దున ఆ గౌను తొడుక్కున్న పిల్ల, "అమ్మా, మెడ మీద చీమ కుట్టింది," అంది.

చూడగానే ఆమెకు అర్థమైంది. గౌను లాగేసి, పిల్లను కుళాయి కింద కూర్చోబెట్టి, ఏడుస్తున్నా వదలకుండా నీళ్లు పోసింది. "తల్లికి శుభ్రం తెలిస్తేగా!" అని గుమ్మంలోంచి అత్తగారు.

తర్వాత గౌనును వెలుతురుకి పట్టి చూసింది. జల్లెడ. తన కోటుకీ అవే చిల్లులు. "పోనీలే, గాలాడుతుంది," అని ఇన్నాళ్లూ తనే నవ్వుకునేది. ఈసారి ఆ జోకు నోటికి రాలేదు. ల్యాబ్ గోడ మీద జాగ్రత్తల బోర్డు గుర్తొచ్చింది. కళ్లద్దాలు పెట్టుకోమంటుంది, చేతులు కడుక్కోమంటుంది. గుమ్మం దాటిన కోటు ఎవరి ఒళ్లో పడుతుందో మాత్రం ఎక్కడా రాయలేదు.

సోమవారం ఐదు కోట్లూ ఉతక్కుండానే, ప్లాస్టిక్ సంచిలో కట్టి, సారు బల్ల మీద పెట్టింది.

"ఏమ్మా, ఇంట్లో సబ్బు అయిపోయిందా?" అన్నారు సారు. నలుగురూ నవ్వారు.

"సబ్బుంది సార్. మా పిల్ల మెడ మీద చర్మమే కొంచెం పోయింది."

ఆమె ప్లాస్టిక్ సంచిని సారు ముందుకు జరిపింది.

"ఇకమీదట ఏ కోటూ ఈ గుమ్మం దాటదు సార్. నాదీ దాటదు. ఉతికించే ఏర్పాటు ఇక్కడే చూడండి."

"ఇంత చిన్నదానికి ఉద్యోగం మానేస్తానంటావా ఏంటి?"

"ఉద్యోగం కాదు సార్. ఉతకడం."

సాయంత్రం ఖాళీ చేతులతో ఇంటికి వచ్చింది. కుప్ప ఉండాల్సిన చోట భర్త చొక్కా ఒక్కటే నేల మీద పడి ఉంది. దాన్ని దాటుకుని, పిల్ల మెడకు మందు రాయడానికి లోపలికి వెళ్లింది.